ఈ.జీ. వేరు, ఐ.ఈ. వేరు

ఒక ఉద్యోగ ప్రకటనలో ఇలా ఉందనుకోండి: ‘పరీక్షకు వచ్చేవారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి, ఈ.జీ. ఆధార్, పాన్.’ మీ దగ్గర ఓటరు కార్డు ఒక్కటే ఉంది. నిశ్చింతగా వెళ్లొచ్చు. గేటు దగ్గర ఎవరైనా ఆపితే ప్రకటన చూపించి వాదించొచ్చు. అదే వాక్యంలో ఈ.జీ. తీసేసి ఐ.ఈ. పెట్టారంటే మీ ఓటరు కార్డు చెల్లదు. ఆధార్, పాన్ తప్ప మూడోదానికి అక్కడ చోటు లేదు. మారినవి రెండు అక్షరాలు, ఆగిపోయింది ఒక మనిషి పరీక్ష.

నేను రోజూ చదివేది ఉద్యోగ ప్రకటనలు కాదు, థీసిస్‌లు. హైదరాబాద్ విద్యానగర్‌లో, ఉస్మానియా యూనివర్సిటీకి కూతవేటు దూరంలో మాకో డీటీపీ సెంటర్ ఉంది. టైపింగ్ ఇద్దరు కుర్రాళ్లు చేస్తారు, బైండింగ్ మా ఆయన చూసుకుంటారు, ప్రూఫు నాది. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. చరిత్ర, కామర్స్, జువాలజీ, లా, ఏ శాఖ పిల్లలు వచ్చినా వాళ్ల విషయం నాకు సగమే అర్థమవుతుంది. అన్ని థీసిస్‌లలోనూ ఒకే తీరుగా తగిలేవి మాత్రం ఈ లాటిన్ పొడి అక్షరాలే. అందరూ వాడతారు, వాటి అసలు మాటలేమిటో అడిగితే చాలామంది తల గోక్కుంటారు.

అసలు ఇంగ్లీషులోకి లాటిన్ ఎందుకు వచ్చిందంటే, యూరప్‌లో చాలా శతాబ్దాలు పండితుల రాతభాష అదే గనక. న్యూటన్ అంతటివాడు 1687లో తన ‘ప్రిన్సిపియా’ను లాటిన్‌లోనే అచ్చువేయించాడు. అంతకుముందు చేత్తో గ్రంథాలకు ప్రతులు రాసే రోజుల్లో తోలు కాగితం ఖరీదు, రాసేవాడి వేళ్ల నొప్పి రెండూ ఎక్కువే. పదేపదే వచ్చే మాటల్ని కురచ చేసి రాసేవారు. తర్వాత పండితులు ఇంగ్లీషులోకి మారారు. కురచ మాటలు మాత్రం పాత ఇంట్లోంచి తెచ్చుకున్న చెంబూ తపేలాల్లా కొత్త భాషలోనూ వాడకంలో ఉండిపోయాయి.

ఈ.జీ. అంటే ‘ఎగ్జెంప్లి గ్రాషియా’, ఉదాహరణ కోసం అని. ఐ.ఈ. అంటే ‘ఇద్ ఎస్ట్’, అది ఏమంటే అని. మా దగ్గరికొచ్చే పిల్లల్లో సగంమంది ఈ.జీ.ని ‘ఎగ్జాంపుల్ గివెన్’ అనుకుంటారు. దాని పుట్టుక వాళ్లకు తెలియకపోయినా నష్టం లేదు, పని సరిగ్గానే చేయిస్తారు. చిక్కంతా ఐ.ఈ.తోనే. ఒక కామర్స్ స్కాలర్ తన రెండో అధ్యాయంలో ‘ప్రభుత్వ రంగ బ్యాంకులు, ఐ.ఈ. స్టేట్ బ్యాంక్, కెనరా బ్యాంక్’ అని రాశాడు.

‘బాబూ, 2020లో విలీనాలయ్యాక కూడా దేశంలో ప్రభుత్వ రంగ బ్యాంకులు 12 మిగిలాయి గదా, తక్కిన పదింటినీ ఏం చేశావు?’ అన్నాను.

‘ఉన్నయ్ మేడమ్, ఊరికె రెండు పేర్లు జెప్పిన. ఐ.ఈ. అంటె ఇన్ ఎగ్జాంపుల్ గాదా?’

కాదు. ఐ.ఈ. వచ్చిందంటే ముందు చెప్పినదాన్నే మళ్లీ విప్పి చెబుతున్నామని అర్థం. దాని తర్వాత వచ్చేది ముందు దానికి సరిసమానం. ఈ.జీ. తర్వాత వచ్చేది గంపలోంచి తీసి చూపించే ఒకటో రెండో కాయలు మాత్రమే. ఈ తేడా పట్టుకోవడానికి మన తెలుగువాళ్లకు సులువైన దారి ఉంది. ఆ చోట ‘ఉదాహరణకు’ పెట్టి చదవండి, తర్వాత ‘అంటే’ పెట్టి చదవండి. ఏది అతికితే దాని అక్షరాలు రాయండి. ఆ కుర్రాడికి ఇదే చెప్పాను. మిగతా అధ్యాయాలన్నీ తనే దిద్దుకొచ్చాడు.

ఈ రెండింటి తర్వాత కామా పెట్టాలా అని ఇంకో పేచీ. అమెరికావాళ్లు పెడతారు, బ్రిటిష్ పద్ధతిలో సాధారణంగా పెట్టరు. చుక్కలు కూడా బ్రిటన్‌లో చాలాచోట్ల ఎగిరిపోయాయి. నాకు రెండూ సమ్మతమే. ఒకే థీసిస్‌లో 20వ పేజీ అమెరికాలో, 21వ పేజీ ఇంగ్లండ్‌లో ఉంటేనే ఒప్పుకోను.

ఎక్కువగా నలిగిపోయిన మాట ‘ఎట్ సెటెరా’. ‘ఎట్’ అంటే మరియు, ‘సెటెరా’ అంటే మిగిలినవి. మూడక్షరాల్లో ఈ, టీ, సీ అని రాయాల్సింది మా టైపిస్టు కుర్రాడి చేతిలో తరచూ ఈ, సీ, టీ అవుతుంది. తప్పు వాడి వేళ్లది కాదు, మన నోటిది. అందరం ‘ఎక్సెట్రా’ అంటాం, చెవికి వినపడ్డట్టే వేళ్లు కొడతాయి. లోపలే ‘మరియు’ ఉంది గనక దాని ముందు ఇంగ్లీషు ‘అండ్’ చేర్చడం దండగ. మన ‘వగైరా’ కథా ఇదే. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటలో మొదటి ‘వ’ అంటేనే ‘మరియు’. ఈ.జీ.తో మొదలైన పట్టికను ఎట్ సెటెరాతో ముగించడం ఇంకో అలవాటు. ఉదాహరణలు అన్నాక ఇంకా ఉన్నాయని మళ్లీ చెప్పనక్కరలేదు.

ఈ.టీ.సీ. అంటే ‘ఎండ్ ఆఫ్ థింకింగ్ కెపాసిటీ’ అని కాలేజీల్లో లెక్చరర్లు వేసే జోకు మీరూ వినే ఉంటారు. జోకులో పదును లేకపోలేదు. పరిశోధన పద్ధతి చెప్పే అధ్యాయంలో ‘ప్రశ్నావళి, ఇంటర్వ్యూలు ఎట్ సెటెరా ద్వారా సమాచారం సేకరించితిమి’ అని ఉంటే వైవాలో బయటి ఎగ్జామినర్ మొట్టమొదట వేలు పెట్టేది అక్కడే: ఆ ఎట్ సెటెరాలో ఏమున్నాయి? చెప్పడానికి ఇంకేమీ లేకపోతే ఆ మాట కొట్టేయమంటాను. ఉంటే రాయమంటాను.

ఎట్ సెటెరాకు బంధువే ‘ఎట్ ఆల్’, అంటే మరియు ఇతరులు. పరిశోధన పత్రానికి రచయితలు పలువురున్నప్పుడు మొదటి పేరు రాసి దీన్ని తగిలిస్తారు. ‘ఎట్’ పూర్తి పదం గనక దాని పక్కన చుక్క ఉండదు. ‘ఆల్’ ఒక్కటే కురచది, చుక్క దానికి. ఈ ఒక్క చుక్కను సరైన చోట పెట్టిన థీసిస్ వస్తే ఆ గైడ్ ఎవరో మంచి మాస్టారని మనసులో అనుకుంటాను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పద్ధతి పాటించేవాళ్లకు 2019లో వచ్చిన ఏడో కూర్పు దీని వాడకం ఇంకా పెంచింది. ముగ్గురు, అంతకుమించి రచయితలుంటే మొదటిసారి నుంచే ఎట్ ఆల్ అనేయొచ్చు. ఆరో కూర్పులో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటే మొదటిసారి అందరి పేర్లూ రాయాల్సి వచ్చేది. పాత కూర్పు చదివిన గైడు, కొత్త కూర్పు చదివిన విద్యార్థి మా కౌంటర్ ముందు నిలబడి వాదించుకోవడం నేను చూశాను.

‘ఇతరులు’ అనే మాట ఎంత బరువు మోయగలదో తెలియాలంటే 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చిన పత్రం చూడాలి. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిని జెనీవా దగ్గరి సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ అనే రెండు బృందాలు కలిసి లెక్కగట్టిన పత్రం అది. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో శాస్త్రం తొమ్మిది పేజీలు, తక్కిన 24 పేజీలు రచయితల పేర్లు, వాళ్ల సంస్థలు. దాన్ని ఉటంకించేవాళ్లు రాసేది ‘ఆద్ ఎట్ ఆల్’ అని. అక్షరక్రమంలో ముందున్న ఆద్ ఒక్కరి పేరు నిలిచింది, మిగిలిన 5,153 మంది నాలుగు అక్షరాల్లో సర్దుకున్నారు.

‘విజ్’ అని పలుకుబడిలో ఉన్న వీ, ఐ, జెడ్‌ను మన ప్రభుత్వ ఉత్తర్వులు వదలవు. ‘కింది మూడు జిల్లాలు, విజ్. ఫలానా, ఫలానా, ఫలానా’ అని. దీని పూర్తి రూపం ‘విదెలిసెట్’. ఆ మాటలో జెడ్ ఎక్కడా లేదు. అది వచ్చిన దారి నాకు మహా ఇష్టం. రోమన్ వక్త సిసిరో దగ్గర టైరో అనే బానిస ఉండేవాడు. క్రీ.పూ. 53లో సిసిరో అతనికి విముక్తి ఇచ్చాడు, తర్వాతా కార్యదర్శిగా పక్కనే ఉన్నాడు. యజమాని మాట్లాడే వేగాన్ని అందుకోవడానికి అతను కనిపెట్టాడని చెప్పే పొట్టి లిపి అతని పేరుతోనే చలామణీ అయింది. అందులో ‘ఎట్’కి గుర్తు ఏడంకెలా ఉండేది. మధ్యయుగపు లేఖకులు అలాంటి మెలికల్నే పదాల చివర ‘ఎట్’ బదులు వేస్తూ పోయారు. అచ్చు వచ్చాక, కంపోజిటర్ల పెట్టెలో ఆ మెలికకు దగ్గరగా ఉన్న అక్షరం జెడ్. అలా విదెలిసెట్ కాస్తా విజ్ అయింది. టైరో గీసిన ఆ ఏడంకె గుర్తును ఐర్లండ్‌లో దారి బోర్డుల మీద, పాత పోస్టు డబ్బాల మీద ‘మరియు’ అనే అర్థంలో ఇప్పటికీ చూడొచ్చు. మన దుకాణాల బోర్డుల మీద ‘సన్స్’కి ముందు ‘అండ్’ బదులు వేసే మెలి గుర్తు వేరే దారిన వచ్చింది. ‘ఎట్’లోని ఈ, టీ అనే రెండక్షరాలు కలిసిపోయి అలా తయారైంది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఎట్ సెటెరా బదులు ఆ గుర్తు వేసి పక్కన సీ రాసేవారు, కారణం ఇదే.

విజ్ రాస్తే పట్టిక మొత్తం ఇవ్వాలి. మూడు జిల్లాలన్నాక మూడూ చెప్పాలి. ఆ విషయంలో ఉత్తర్వులు రాసే గుమాస్తాలు మా స్కాలర్లకన్నా నయం.

ఇక చరిత్ర శాఖవాళ్ల ఫుట్‌నోట్లు. వాటి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే రాత్రి పదింటిదాకా నన్ను షాపులో కూర్చోబెట్టేవి అవే. ‘ఐబిడ్’ అంటే ‘ఇబిడెమ్’, అదే చోట. పై ఫుట్‌నోట్‌లో చెప్పిన పుస్తకమే ఇదీ అని. ‘ఆప్ సిట్’ అంటే ‘ఒపెరె సిటాటో’, ముందు పేర్కొన్న గ్రంథంలో. చేత్తో రాసి టైపు మిషన్ మీద కొట్టే కాలానికి ఇవి వరాలే. పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు మళ్లీ మళ్లీ కొట్టే బాధ తప్పింది. కంప్యూటర్ వచ్చాక ఇవే ఉచ్చులయ్యాయి.

నిజాం కాలపు చెరువుల మీద పనిచేసే ఒక అమ్మాయి థీసిస్ చూడండి. 41వ ఫుట్‌నోట్‌లో ఒక చరిత్రకారుడి పుస్తకం ఉంది. 42లో ఐబిడ్, పేజీ 118. గైడు చదివి, 41 తర్వాత జిల్లా గెజిటీర్ ప్రస్తావన కూడా ఒకటి చేర్చమన్నారు. చేర్చింది. కంప్యూటర్ బుద్ధిగా అంకెల్ని జరిపింది, పాత 42 ఇప్పుడు 43. కానీ అందులోని ఐబిడ్‌కు తన పైనెవరొచ్చారో తెలియదు. అది ఇప్పుడు గెజిటీర్ వైపు వేలు చూపిస్తోంది. చరిత్రకారుడు చెప్పిన మాట గెజిటీర్ ఖాతాలో పడిపోయింది. ఎవరూ అబద్ధం రాయలేదు, అబద్ధం తయారైంది. ఇలాంటి చేర్పులు ఒక అధ్యాయంలో ఎన్ని జరుగుతాయో లెక్క వేయకండి. ఆప్ సిట్ ఇంకా మొండిది. 212వ పేజీలో ‘ఫలానా రచయిత, ఆప్ సిట్’ అని ఉంటే, ఆ పుస్తకం పేరు కోసం వెనక్కి తిప్పుకుంటూ 37వ పేజీ దాకా రావాలి. తీరా వస్తే ఆ రచయితవి రెండు పుస్తకాలుంటాయి.

అందుకే చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ 2017 నాటి 17వ కూర్పులో ఐబిడ్‌ను తగ్గించి, రచయిత ఇంటిపేరు, పుస్తకం పేరులో ఒకటి రెండు మాటలు, పేజీ నంబరు ఇవ్వడమే మేలంది. నేను మా పిల్లలకు చెప్పేదీ అదే. ‘మా సార్ ఐబిడ్ లేకుంటె ఒప్పుకోడు మేడమ్’ అంటారు కొందరు. సరే, ఐబిడ్‌లు అన్నిటికన్నా ఆఖర్న, సార్ ఆఖరి సంతకం పెట్టాక వేసుకుందాం అంటాను. ‘సీఎఫ్’ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. దాన్ని ‘చూడుము’ అన్నట్టు వాడేస్తారు. అది ‘కన్ఫెర్’, పోల్చి చూడమని. పోల్చడానికి అక్కడ భిన్నమైనది ఏదో ఒకటి ఉండాలి.

థీసిస్‌లు రాయనివాళ్లకు ఇదంతా ఎందుకు అనకండి. మీ ఇంట్లో మందుల చీటీ ఉంటే లాటిన్ మీ ఇంట్లోనూ ఉన్నట్టే. చీటీ తలమీద ఆర్ అక్షరం కాలికి అడ్డగీత కొట్టినట్టు ఉండే గుర్తు ‘రెసిపె’ది, అంటే ‘తీసుకో’ అని. వంటల రెసిపీ కూడా ఆ మాటే. బీ.డీ. అంటే ‘బిస్ ఇన్ డియె’, రోజుకు రెండుసార్లు. టీ.డీ.ఎస్. మూడుసార్లు. ఏ.సీ. తిండికి ముందు, పీ.సీ. తిన్నాక, హెచ్.ఎస్. పడుకునేటప్పుడు. ‘స్టాట్’ అంటే తక్షణం.

మా అత్తయ్య రిటైర్డ్ టీచర్, ఏ కాగితం చేతికొచ్చినా అక్షరం వదలకుండా చదువుతుంది. ఒకసారి మోకాళ్ల నొప్పికి డాక్టర్ రాసిన చీటీలో మాత్ర పక్కన ఎస్.ఓ.ఎస్. అని చూసి ఆమె ముఖం పాలిపోయింది. ‘ఓడలు మునిగేటప్పుడు పంపేది గదే ఇది. నాకంత ముదిరిందని నాతో చెప్పలేదేంటే మీరు?’ అంది. ఓడల సంకేతానికి అసలు పూర్తి రూపమే లేదు. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు మోర్స్ కోడ్‌లో కొట్టడానికి తేలికని ఎంచుకున్నారు. చీటీలోది ‘సి ఓపుస్ సిట్’, అవసరమైతేనే వేసుకో అని. ఒకటి ప్రాణం మీదికొచ్చిందంటుంది, రెండోది నొప్పి లేకపోతే మాత్ర మానెయ్యమంటుంది. ‘అయితే ఇవాళ మానేస్తాను’ అని అత్తయ్య మాత్ర తిరిగి డబ్బాలో పడేసింది.

ఓ.డీ. ఇంకా గమ్మత్తు. మామూలు చీటీలో రోజుకొకసారి. కంటి డాక్టర్ రాస్తే ‘ఓకులుస్ డెక్స్టర్’, కుడి కన్ను. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొడి అక్షరాల జాబితా ఒకటి పెట్టింది. రోజుకొకసారి అనే అర్థంలో రాసే క్యూ.డీ. అందులో ఉంది. దాని మధ్య చుక్క కాస్త సాగితే ఐ అనిపిస్తుంది, క్యూ.ఐ.డీ. అంటే రోజుకు నాలుగుసార్లు. అలాంటి చోట లాటిన్ వదిలేసి పూర్తిగా ‘రోజూ’ అని రాయమన్నారు. మన డాక్టర్లు చాలామంది 1-0-1 అని అంకెలు వేస్తారు: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మా వీధి మెడికల్ షాపు కుర్రాడు అంతకన్నా ఒక అడుగు ముందున్నాడు. మాత్రల కవరు మీద స్కెచ్ పెన్నుతో సూర్యుణ్నీ చంద్రుణ్నీ గీస్తాడు.

వాడే మాట ఎదుటివాళ్లకు అందకపోతే దాన్ని తీసేయాలన్న పట్టుదల ఇంగ్లీషు పుట్టినింట్లోనూ ఉంది. ఇంగ్లండ్ సివిల్ కోర్టులు 1999లో కొత్త నిబంధనలతో చాలా లాటిన్ మాటలకు సెలవిచ్చాయి, ‘ఎక్స్ పార్టీ’ బదులు ‘నోటీసు లేకుండా’ అనే అర్థం వచ్చే మామూలు ఇంగ్లీషు పెట్టుకున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటువాళ్లు 2016లో ఈ.జీ., ఐ.ఈ., ఎట్ సెటెరాలను క్రమంగా మానేస్తామన్నారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు తికమకపడటం ఒక కారణం. చూపులేనివాళ్లకు తెరమీది అక్షరాలు చదివి వినిపించే కొన్ని సాఫ్ట్‌వేర్లు చుక్కలు లేని ఈ.జీ.ని ‘ఎగ్’ అని చదవడం ఇంకో కారణం. పింఛను దరఖాస్తు మధ్యలో కోడిగుడ్డు వస్తే ఎవరికి అర్థమవుతుంది?

అందుకే పిల్లలకు చెబుతుంటాను, వాక్యం మధ్యలో ‘ఫర్ ఎగ్జాంపుల్’, ‘దట్ ఈజ్’ అని పూర్తిగా రాయండి, పొడి అక్షరాలు బ్రాకెట్లలోకి, ఫుట్‌నోట్లలోకి పంపండి అని. లాటిన్ లేకపోతే థీసిస్ తేలిపోతుందేమోనని వాళ్ల బెంగ. నాకా బెంగ ఎప్పుడూ కలగలేదు. ఎందుకంటే లాటిన్ ఎలాగూ అట్ట మీద ఉంటుంది.

పీహెచ్.డి. అంటే ‘ఫిలాసఫియే డాక్టర్’. పీ, హెచ్ రెండూ ఒకే మాటలోవి కాబట్టి వాటి మధ్య చుక్క రాకూడదు. ఎల్ఎల్.బి.లో రెండు ఎల్‌లూ అంతే. ‘లెగుమ్’ అంటే చట్టాల, బహువచనం. లాటిన్‌లో బహువచనం చూపడానికి అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు, చుక్క రెండో ఎల్ తర్వాతే. నాంపల్లి కోర్టుల వైపు వెళితే వకీళ్ల బోర్డుల మీద రెండు ఎల్‌ల మధ్య చుక్క వేలాడుతూ కనిపిస్తుంది. వాళ్లతో వాదించే ధైర్యం నాకు లేదు.

మా షాపులో మాత్రం చూస్తూ ఊరుకోను. నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాలు వేడి అచ్చుతో ఒత్తుతారు. ఒకసారి ఒత్తాక చెరపడం కుదరదు, అట్ట మొత్తం మార్చాలి. అందుకని మా ఆయన అచ్చు బిగించే ముందు కాగితం మీద రాసి స్కాలర్ చేత సంతకం పెట్టించుకుంటారు. మొన్నొక జువాలజీ అబ్బాయి పీ పక్కన చుక్క, హెచ్ పక్కన చుక్క, డీ పక్కన చుక్క పెట్టి ఇచ్చాడు. మొదటిది తీసేయించాను. ‘ఒక చుక్క తక్కువైంది గద ఆంటీ, పైసలు తగ్గిస్తరా?’ అన్నాడు. మేం డబ్బు తీసుకునేది అక్షరాలకే, చుక్కలు ఎప్పుడూ ఉచితమే అన్నారు మా ఆయన తల ఎత్తకుండా.